నాన్న గది ద్వారబంధానికి చెద పట్టింది – మందు వేయించే ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న – కొరిటెపాడు, గుంటూరు

నమస్కారమండీ. మాది 1989లో నాన్న కట్టించిన ఇల్లు. కింది అంతస్తు ఒక్కటే, నాపరాళ్ళ నేల. నాన్న పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు అమ్మ, నేను ఉంటున్నాం. అమ్మకి 74 ఏళ్ళు, ఆయాసం ఉంది. ఘాటు వాసన తగిలితే ఆ రాత్రి నిద్ర ఉండదు. అందుకే మందు అనగానే నాకు టెన్షన్‌గా ఉంది.

పోయిన శనివారం నాన్న గదిలో గోడ అలమర సర్దుతున్నాను. ఆయన బడిలో పనిచేసినప్పటి డైరీలు, పాత పంచాంగాలు కింది అరలో కట్టలు కట్టి ఉన్నాయి. ఒక కట్ట ఎత్తితే దూదిలా తేలిగ్గా చేతికొచ్చింది. పై అట్ట బాగానే ఉంది, లోపల మాత్రం కాగితానికి బదులు తడిమట్టి. అందులోంచి నూకంత తెల్లటి పురుగులు బిలబిలా పాకాయి. దాని కిందే ఇంటి దస్తావేజు ఉంది. రెండు వేళ్ళ వెడల్పున అంచు తినేశాయి. రాత భాగం దక్కింది. కానీ నాన్న సంతకం పెట్టిన చోటికి అంగుళం దూరం కూడా లేదు. చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

తర్వాత చూస్తే బాత్రూమ్ వైపు గోడకి నేల దగ్గర నుంచి పెన్సిల్ మందాన మట్టి చార ఒకటి అలమర దాకా పాకి ఉంది. ద్వారబంధం కింది భాగాన్ని స్క్రూడ్రైవర్ పిడితో కొడితే డొల్లగా మోగింది. పైన పెయింటు మాత్రం చెక్కుచెదరలేదు. ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. జూన్‌లో తొలకరి పడిన సాయంత్రం ఆ గదిలో ట్యూబ్‌లైటు చుట్టూ ఉసిళ్ళు మూగాయి. కిటికీలు మూసే ఉన్నాయి. మర్నాడు కిటికీ దగ్గర రెక్కలు కుప్పగా పడి ఉంటే ఊడ్చేశాను. బయటి నుంచి వచ్చాయనుకున్నాను.

షాపులో దొరికే స్ప్రే డబ్బా తెచ్చి చార మీద కొట్టాను. మూడు రోజులకి జానెడు పక్కన ఇంకో చార లేచింది. పెస్ట్ కంట్రోల్ వాళ్ళని ఇద్దరిని పిలిచాను. ఒకాయన ఐదు నిమిషాలు చూసి, ఇల్లంతా స్ప్రే చేస్తాం, అయిదేళ్ళు గ్యారంటీ అన్నాడు. రెండో ఆయన గోడల వెంబడి రంధ్రాలు వేయాలన్నాడు. పక్కింటి వాళ్ళు కిరోసిన్ పోయమంటున్నారు. ఎవరి మాట వినాలి? నిజంగా చెదలేనా, ఇంకేదైనా పురుగా? అమ్మ ఉన్న ఇంట్లో ఏ మందు వాడొచ్చు?

జవాబు – వడ్రంగి పని, పటమట, విజయవాడ

అమ్మా, ముందుగా ఒక్క మాట. ఆ మట్టి చారల్ని ఇప్పుడే గీకేయకండి. అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో చెప్పేది ఆ చారలే. అందరూ చీపురుతో దులిపేసి, గోడ కడిగి, ఆ తర్వాత మనిషిని పిలుస్తారు. అప్పుడు వచ్చిన వాడికి జాడ ఎక్కడ దొరుకుతుంది?

మీరు చెప్పినదాన్ని బట్టి అవి చెదలే, అదీ నేలలోంచి వచ్చేవి. కర్రని తినే పురుగులు నా పనిలో మూడు రకాలు కనిపిస్తాయి. మంచం కిందో, కుర్చీ కిందో మైదాపిండిలాంటి మెత్తని పొడి రాలి, కర్రకి గుండుసూది బెజ్జాలు ఉంటే అది పుచ్చు. దానికి మట్టి ఉండదు. గసగసాల్లాంటి గట్టి గింజలు కుప్పగా రాలితే అది ఎండు కర్రలోనే కాపురముండే చెద. దానికీ మట్టి అక్కర్లేదు. మట్టి చార కనిపించిందంటే మాత్రం పుట్ట నేలలో ఉన్నట్టు. ఆ పురుగు ఒంటికి ఎండా గాలీ తగలకూడదు, తగిలితే ఎండిపోతుంది. అందుకే నేల నుంచి కర్ర దాకా మట్టితో సొరంగం కట్టుకుని, తడి మోసుకుంటూ నడుస్తుంది. మీ స్ప్రే డబ్బా దారిలో ఉన్నవాటిని చంపింది. నేలలో ఉన్నవి ఇంకో దారి కట్టుకున్నాయి.

ఉసిళ్ళ సంగతి మీరు గుర్తుపెట్టుకుని చెప్పడం మంచిదైంది. ఉసిళ్ళంటే రెక్కలొచ్చిన చెదలే. నాలుగు రెక్కలూ ఒకే పొడవు, నడుము చీమకున్నట్టు సన్నగా ఉండదు. వీధి లైటు చుట్టూ తిరిగితే భయపడక్కర్లేదు. కిటికీలు మూసిన గదిలో రెక్కలు కుప్పలుగా రాలాయంటే పుట్టకి ఆ గదిలోకి దారి ఉన్నట్టే.

ఇప్పుడు ఇలా చేయండి. ఒక చారని మధ్యలో అంగుళం మేర పగలగొట్టి, పక్కన పెన్సిల్‌తో తేదీ వేయండి. ఒకటి రెండు రోజుల్లో తడిమట్టితో అతుకు పడితే లోపల అవి పనిలో ఉన్నట్టు. అతుకు పడకపోయినా లేవని అనుకోకండి, దారి మార్చి ఉండొచ్చు. తర్వాత టార్చి పట్టుకుని బాత్రూమ్ గోడకి రెండు వైపులా, అలమర వెనక, గడప కింద, ఇంటి బయట పునాది చుట్టూ చూడండి. బయట గోడకి ఆనించి పాత చెక్కలు, అట్టపెట్టెలు, మట్టికుప్పలు ఉంటే ఈ రోజే తీయించేయండి.

అన్నిటికంటే ముఖ్యం తడి. బాత్రూమ్ పక్క గోడ అన్నారు కాబట్టి నాకు పైపు మీదే అనుమానం. రాత్రి పంపులన్నీ కట్టేసి, పైన ట్యాంకులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో గుర్తు పెట్టండి. తెల్లారి చూస్తే తెలుస్తుంది. తడి ఆపకుండా ఎంత ఖరీదైన మందు పోసినా మళ్ళీ నన్నే పిలుస్తారు. పటమటలో ఒకే ఇంటికి మూడుసార్లు ద్వారబంధం మార్చాను. మూడోసారి గోడ పగలగొడితే లోపల పైపు కారుతోంది. ఆ కర్ర డబ్బులు తీసుకోవడానికి నాకే మనసొప్పలేదు.

ద్వారబంధం టేకుదే అయినా ధీమా పనికిరాదు. టేకులో చేవని, అంటే మధ్యలో ఉండే గట్టి భాగాన్ని, అంత తేలిగ్గా తినవు. బెరడు పక్కనుండే తెల్లకర్రని తినేస్తాయి. అప్పట్లో పాదాలు నేలలోకి దింపి బిగించేవాళ్ళు కాబట్టి చెద అక్కడి నుంచే ఎక్కుతుంది. డొల్ల మోకాలి ఎత్తులోపే ఉంటే మొత్తం మార్చక్కర్లేదు, పాడైనంత కోసి కొత్త కర్ర అతకొచ్చు. అయితే మందు అయ్యాకే ఆ పని. ముందు కర్ర మారిస్తే వాటికి కొత్త మేత పెట్టినట్టే.

జవాబు – బ్రాడీపేట, గుంటూరు

మా అత్తగారి కాలంలో గమాక్సిన్ పొడి చల్లేవాళ్ళం, దెబ్బకి పోయేవి. ఇప్పుడు ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి. కిరోసిన్ కూడా పనిచేస్తుంది.

జవాబు – రిటైర్డ్ సివిల్ ఇంజనీర్, లక్ష్మీపురం, గుంటూరు

బ్రాడీపేట అమ్మగారూ, పెద్దవారి అనుభవాన్ని కాదనలేను కానీ గమాక్సిన్ వెతకొద్దండి. అందులో ఉన్న పురుగుమందు పేరు బీహెచ్‌సీ. అది మట్టిలో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది, మన ఒంటి కొవ్వులోనూ చేరుతుంది. మన దేశంలో 1997లోనే నిషేధించారు. ఎవరైనా అటకమీద నుంచి పాత డబ్బా తీసి ఇచ్చినా తీసుకోవద్దు. కిరోసిన్ తగిలిన పురుగు చస్తుంది, పుట్టదాకా పోదు. పైగా నిప్పు ప్రమాదం, ఆయాసం ఉన్నవారికి ఆ వాసన ఇంకా ప్రమాదం.

కొరిటెపాడు అమ్మాయికి: రంధ్రాలు వేయాలన్న మనిషి చెప్పిందే సరైన పద్ధతి. కట్టేసిన ఇళ్ళకి చెదల మందు ఎలా వేయాలో ఐఎస్ 6313 అనే భారతీయ ప్రమాణం మూడో భాగంలో ఉంది. గోడ, నేల కలిసే చోట 12 మిల్లీమీటర్ల రంధ్రాలు, ఒక్కోటీ 30 సెంటీమీటర్ల దూరంలో, నేల దాటి కింది మట్టి తగిలేదాకా వేయాలి. ఒక్కో రంధ్రంలో మట్టి పీల్చుకున్నంత, గరిష్ఠంగా లీటరు మందు నీళ్ళు పంపుతో ఎక్కించాలి. తర్వాత రంధ్రాలు మూసేయాలి. నాపరాళ్ళ నేల కాబట్టి వీలైనంతవరకు అతుకుల్లో వేయమనండి, బండలు పగలవు.

దీన్ని బట్టి మీరే లెక్క వేసుకోవచ్చు. పది అడుగులకి పన్నెండు అడుగుల గది అనుకుందాం. చుట్టుకొలత 44 అడుగులు. గుమ్మం పోగా సుమారు 40 రంధ్రాలు, అంటే ఆ ఒక్క గదికే 40 లీటర్ల వరకు పడుతుంది. పది లీటర్ల డబ్బా భుజాన వేసుకుని ఇల్లంతా చేస్తానన్నవాడు ఏం చేస్తాడో మీకే అర్థమవుతుంది. గ్యారంటీ ఎన్నేళ్ళని అడిగే ముందు ఎన్ని రంధ్రాలు, ఎన్ని లీటర్లు అని అడగండి.

మందు విషయానికొస్తే, మీ అమ్మగారి కోసం ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్‌సీ అడగండి. అది 30.5 శాతం గాఢత ఉన్న ద్రవం, లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు కలుపుతారు. వాసన దాదాపు ఉండదు. ఇంకో మేలు ఏమిటంటే, అది అక్కడ ఉన్నట్టు చెదలకి తెలియదు. అందులో నడుస్తాయి, వెంటనే చావవు, తోటివాటికి అంటిస్తాయి. క్లోరిపైరిఫాస్ కూడా చాలామంది వాడతారు కానీ వాసన ఘాటు, మీ ఇంటికి వద్దు. సీలున్న డబ్బా మీ ముందు తెరిచి, మీ ముందే కలపమనండి. మూత మీద పేరు, తయారీ తేదీ ఫోటో తీసుకోండి.

డ్రిల్లు పెట్టేముందు నీళ్ళ పైపులు, కరెంటు పైపులు ఎటు పోతున్నాయో చూపించాలి. ఇంట్లో సంపు గానీ బోరు గానీ ఉంటే ముందే చెప్పండి, దాని దగ్గర మందు ఎక్కించకూడదు. అమ్మగారిని ఆ రెండు మూడు రోజులు చుట్టాల ఇంటికి పంపండి. వాసన లేదంటే విషం కాదని కాదు.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం. వడ్రంగి గారు చెప్పినట్టే చేశాను. చార పగలగొట్టి తేదీ వేస్తే మర్నాటి సాయంత్రానికే అతుకు పడింది. ట్యాంకులో నీళ్ళు రాత్రికి రాత్రి నాలుగు వేళ్ళు దిగాయి. ప్లంబర్ వచ్చి బాత్రూమ్ గోడ పగలగొడితే పంపుకి వెళ్ళే పాత ఇనప పైపు తుప్పు పట్టి కారుతోంది. ఎన్నాళ్ళ నుంచో ఏమో, ఇటుక పిండితే నీళ్ళు వచ్చేలా ఉంది. పైపు మార్పించాం.

అదే గోడకి బయట తవ్వితే కట్టినప్పటి సెంట్రింగ్ చెక్క ముక్కలు మట్టిలో పూడ్చి ఉన్నాయి, సగం తినేసి. ముప్పై ఏళ్ళకి పైగా మా గోడ పక్కనే ఉన్నాయన్నమాట.

ఇంకో సందేహం. నాన్న డైరీల్లో మిగిలిన వాటికీ మందు కొట్టాలా? అవి పారేయలేను.

జవాబు – అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

డైరీలకి మందు వద్దండీ. నేల నుంచి వచ్చే చెదలు పుట్టకి, తడికి దూరమైతే బతకలేవు. ఒక్కో పుస్తకం బయట దులిపి, మెత్తని బ్రష్‌తో మట్టి తుడిచి, ఎండపొడ ఉన్న నీడలో విప్పి ఆరబెట్టండి. నిలువు ఎండలో పెడితే పాత కాగితం పెళుసెక్కుతుంది. తర్వాత ఇనప బీరువాలో, గోడకి దూరంగా పెట్టండి. దస్తావేజుకి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ ఇస్తారు. నంబరు, సంవత్సరం పాత కాగితం మీద ఉంటాయి, అవి ఉండగానే తీసుకోండి.

మా అనుభవం చెప్తాను. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా ఇంట్లో రోజుల తరబడి నడుము లోతు నీళ్ళు. నీళ్ళు పోయాక తడిసిన టీవీ చెక్కపెట్టెని ఆరబెట్టి మళ్ళీ అదే గోడకి బిగించాం, కొత్తది కొనే ఓపిక లేక. గోడలు నెలల తరబడి ఆరలేదు. మరుసటి వానాకాలానికి దాని వెనకంతా మట్టే. మందు వేయించాం, గ్యారంటీ కార్డు ఇచ్చారు. ఆరు నెలలకి మళ్ళీ చార కనిపిస్తే ఫోన్ ఎత్తలేదు. కార్డు మీద ఏ మందు వాడారో, ఎన్నిసార్లు వచ్చి చూస్తారో ఏమీ రాసి లేదు. మీరు మాత్రం అవి రాయించుకుని, కొంత డబ్బు రెండోసారి చూసి వెళ్ళాక ఇస్తామని ముందే మాట్లాడుకోండి. తర్వాత వేరే మనిషిని పిలిచినప్పుడు మేం అలాగే చేశాం, చెప్పిన రోజుకి వచ్చాడు.

ప్రశ్న వేసినవారు – నెల తర్వాత

అమ్మని తెనాలి పిన్ని దగ్గరికి పంపి మందు వేయించాను. మూడు గదులకి, బాత్రూమ్ వెనక గోడకి కలిపి 118 రంధ్రాలు. నేనే దగ్గరుండి లెక్కపెట్టాను. బాత్రూమ్ పక్కన మట్టి ఇంకా తడిగానే ఉండి కొన్ని రంధ్రాలు అరలీటరు కూడా పీల్చుకోలేదు. ఆరాక ఆ వైపు మళ్ళీ ఎక్కిస్తామని కాగితం మీద రాసిచ్చారు. మిగతా డబ్బు అప్పుడే ఇస్తాను.

పగలగొట్టి వదిలిన చారలు ఐదు. ప్రతి దాని పక్కన తేదీ వేసి రోజూ పొద్దున చూస్తున్నాను. పదిహేను రోజులుగా ఒక్కదానికీ అతుకు పడలేదు, కొత్తది లేవలేదు. వడ్రంగి గారు చెప్పారు కదా, అందుకని గోడ రెండో వైపు కూడా చూస్తున్నాను.

డైరీలు నలభై రెండులో ముప్పై ఒకటి దక్కాయి. అమ్మ తెనాలి నుంచి రాగానే వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ద్వారబంధం కింది రెండడుగులు కోసి టేకు చేవ అతకడానికి ఆదివారం మనిషి వస్తున్నాడు. పాదాల కింద కర్ర నేలకి తగలకుండా రాతి ముక్క పెట్టమని చెప్పాను. అది సరైనదేనా, వడ్రంగి గారూ?

జవాబు – వడ్రంగి పని, పటమట, విజయవాడ

సరైనదేనమ్మా. రాయి మీద కూర్చోబెట్టే ముందు కోసిన కొసకి కూడా మందు పూయించండి. చెమ్మ పీల్చేది ఆ కొసే. అతుకు కనిపించకుండా అప్పుడే పెయింటు వేయొద్దు, ఒక వానాకాలం పోనివ్వండి.