ఫెర్మీ జీబీఎం డేటాలో జీఆర్‌బీ 170817ఏ ఎందుకు కనిపించడం లేదు?

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థిని, తార్నాక):
నమస్కారమండి. 2017 ఆగస్టు 17 నాటి గామా కిరణ విస్ఫోటనాన్ని (జీఆర్‌బీ 170817ఏ) ప్రాజెక్టుకు ఎంచుకుని, ఫెర్మీ ఉపగ్రహంలోని జీబీఎం అనే గామా కిరణ పరికరం డేటాను నాసా వారి డేటా భాండాగారం హీసార్క్ నుంచి తీసుకోవాలనుకున్నాను. అది మన గడియారం ప్రకారం సాయంత్రం 6 గంటల 11 నిమిషాలకు నమోదైంది కాబట్టి, దాన్ని రోజులో భాగంగా (0.758) మార్చి బీఎన్170817758 అనే ఫోల్డర్ కోసం వెతికాను, అలాంటిదేదీ లేదు. పోనీ అని ఆ రోజు గంటవారీ ఫైళ్లలో 18జెడ్ అని ఉన్నదాన్ని హాస్టల్ వైఫై మీద రాత్రంతా డౌన్‌లోడ్ చేసి చూస్తే, నేపథ్యపు గణనలు తప్ప ఏమీ లేవు. పొరపాటు ఎక్కడుందో పెద్దలెవరైనా చెప్పగలరా?

జవాబు (విశ్రాంత అధ్యాపకుడు, హబ్సిగూడ):
అమ్మా, ఆ 18 పక్కనున్న జెడ్ అక్షరమే మీకు సమాధానం. అది యూటీసీ, అంటే మన గడియారం కంటే అయిదున్నర గంటలు వెనుకుండే ప్రపంచ ప్రామాణిక సమయం. విస్ఫోటనం 12:41:06కు నమోదైంది. రోజులో అది 0.5285వ భాగం కనుక ఫోల్డర్ పేరు బీఎన్170817529. మనకు అర్ధరాత్రి దాటాక తెల్లవారి అయిదున్నర లోపు జరిగిన వాటికైతే తేదీ కూడా ఒకరోజు వెనక్కి పోతుంది, జాగ్రత్త. గంటవారీ ఫైళ్ల జోలికి ఇప్పుడు పోవద్దు. పన్నెండు సోడియం అయొడైడ్, రెండు బీజీవో (బిస్మత్ జర్మనేట్) డిటెక్టర్లలో దీనికి మొదటి రకంలో ఎన్1, ఎన్2, ఎన్5, రెండో రకంలో బీ0 చాలు. ఒక్కో ఫోటాన్ వచ్చిన సమయం ఉండే వాటి టీటీఈ ఫైళ్లతో పాటు, తరువాత వర్ణపటానికి అవసరమయ్యే, డిటెక్టర్ స్పందనను తెలిపే రెస్పాన్స్ ఫైళ్లను కూడా అదే ఫోల్డర్ నుంచి తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ఫోల్డర్ దొరికింది, ధన్యవాదాలండి. అయితే ఫెర్మీ ఫైళ్లలో సమయం 2001 జనవరి 1 నుంచి సెకన్లలో ఉంటుంది కాబట్టి, ఆ సెకన్లు నేనే లెక్కగట్టి, ఆ క్షణాన్ని సున్నాగా పెట్టి, ముందు 2 సెకన్లు, తరువాత 3 సెకన్లు గీశాను. ఇప్పటికీ ఏమీ కనిపించడం లేదు.

జవాబు (పరిశోధక విద్యార్థి, గచ్చిబౌలి):
మీ లెక్కలో 524666466 వచ్చి ఉంటుంది. 2001 తరువాత ఆ రోజు వరకు అయిదు లీప్ సెకన్లు (భూభ్రమణానికి సరిపోయేలా గడియారానికి చేర్చే అదనపు సెకన్లు) కలిపారు, చివరిది 2016 డిసెంబరు 31న. అవి చేరిస్తే 524666471 అవుతుంది. విస్ఫోటనమే సుమారు 2 సెకన్లది, కాబట్టి అయిదు సెకన్ల తేడా వస్తే అది మీ పటం అంచు దాటిపోతుంది. నేనూ మొదట్లో ఇలాగే ఒక వారం పోగొట్టుకున్నాను. చేత్తో లెక్కించడం మాని, ఫైలు హెడర్‌లో, పరికరం విస్ఫోటనాన్ని గుర్తించిన క్షణాన్ని తెలిపే ట్రిగ్‌టైమ్ విలువను వాడండి. ఇంకొక మాట: టీటీఈ ప్రతి ఫోటాన్‌కూ 2 మైక్రోసెకన్ల కచ్చితత్వంతో సమయం ఇస్తుంది గదా అని మరీ సన్నని బిన్లు (గణనలను కూడే సమయపు ముక్కలు) తీసుకోకండి, ఇది బలహీనమైన విస్ఫోటనం. మూడు ఎన్ డిటెక్టర్లనూ కూడి, 50 నుంచి 300 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య, 256 మిల్లీసెకన్ల బిన్లతో గీసి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
కనిపించిందండి! సున్నాకు కాస్త ముందే లేచి, అర సెకను లోపే దిగిపోయే ముల్లు, దాని వెనుక సన్నని తోక.