త్రిశరణం, బాప్తిస్మం రెండూ "దీక్షే" అనేస్తే సరిపోతుందా?

తెనాలి చదువరి:
డిగ్రీ పిల్లలకు బౌద్ధం, క్రైస్తవం మూల విశ్వాసాల మీద గంటన్నర పాఠం చెప్పాలి. పోలిక కోసం ఒక పట్టిక వేసుకున్నాను. "మతంలో ప్రవేశం" అన్న వరసలో ఇటు త్రిశరణం, అటు బాప్తిస్మం రాసి, రెండింటికీ కలిపి "దీక్ష" అని పెట్టాను. రాశాక అనుమానం వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో "రెండు మతాలూ ప్రేమను, అహింసను బోధిస్తాయి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. నేనూ అదే పని చేస్తున్నానేమో అనిపిస్తోంది. వీటిని ఎవరు ఇవ్వాలి? ఒకసారి తీసుకుంటే చాలా, మళ్ళీ మళ్ళీ తీసుకోవచ్చా? తప్పితే ఏమవుతుంది? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

ఉపోసథ:
చదువరి గారూ, పట్టిక పక్కన పెట్టి ముందు ఆ రెండు సందర్భాల్లో నోటితో పలికే వాక్యాలను చూడండి. పాళీలో ఇది:

బుద్ధం సరణం గచ్ఛామి
ధమ్మం సరణం గచ్ఛామి
సంఘం సరణం గచ్ఛామి

దీన్ని "దుతియంపి" అని రెండోసారి, "తతియంపి" అని మూడోసారి చెప్పాలి. మొత్తం తొమ్మిది వాక్యాలు. మనవాళ్ళు "శరణం" అని శకారంతో అంటారు, అది సంస్కృతం ఉచ్చారణ. పాళీలో శకారం లేదు. ఇక క్రియ "గచ్ఛామి" అంటే వెళ్తున్నాను. వెళ్ళేది నేను. భిక్షువు ముందు పలికితే మనం వెనక పలుకుతాం, అంతే. ఆయన మనకు ఏదో ఇవ్వడం లేదు. భిక్షువు దొరక్కపోతే ఇంట్లో ఒక్కరే కూర్చుని చెప్పుకున్నా అది శరణగమనమే.

బుద్ధుడికి మొదటి ఉపాసకులు (గృహస్థ శిష్యులు) తపుస్స, భల్లిక అనే ఇద్దరు వర్తకులు. అప్పటికి భిక్షు సంఘమే పుట్టలేదు కాబట్టి బుద్ధుణ్ణి, ధమ్మాన్ని మాత్రమే శరణు వేడారు. భిక్షువుల నియమాల గ్రంథమైన వినయ పిటకం వాళ్ళను "రెండు మాటల ఉపాసకులు" అంటుంది. మూడు మాటలూ చెప్పిన మొదటి గృహస్థు వారణాసిలో యసుడి తండ్రి. ఈ వరస పిల్లలకు చెబితే, శరణం అన్నది పైనుంచి దిగిన మంత్రం కాదనీ, అప్పటికి ఉన్నదాన్ని బట్టి ఏర్పడిన మాట అనీ తెలుస్తుంది.

శరణం తర్వాత పంచశీల, అంటే ఐదు నియమాలు. మొదటిది చూడండి. "పాణాతిపాతా వేరమణీ సిక్ఖాపదం సమాదియామి" అంటే ప్రాణం తీయడం నుంచి దూరంగా ఉండే అభ్యాసాన్ని స్వీకరిస్తున్నాను అని. ఇక్కడ "చంపకూడదు" అని ఆజ్ఞాపించేవాడు ఎవరూ లేరు. అందుకే తప్పితే క్షమించేవాడి ప్రస్తావనా రాదు. చేసిన కర్మకు ఫలం ఉంటుంది, శీలాన్ని మాత్రం మళ్ళీ తీసుకోవచ్చు. శ్రీలంక, థాయ్‌లాండ్ లాంటి థేరవాద (పాళీ సంప్రదాయపు బౌద్ధం) దేశాల్లో విహారానికి వెళ్ళిన ప్రతిసారీ తీసుకుంటారు. పౌర్ణమి, అమావాస్య లాంటి ఉపోసథ రోజుల్లో ఐదు కాస్తా ఎనిమిది అవుతాయి. మూడోది, అంటే తప్పుడు కామానికి దూరంగా ఉండడం, పూర్తి బ్రహ్మచర్యంగా మారుతుంది. మధ్యాహ్నం దాటాక తినకపోవడం, ఆటపాటలూ అలంకారాలూ మానడం, ఎత్తయిన, విలాసమైన పడకల మీద పడుకోకపోవడం అదనంగా చేరతాయి. మర్నాడు తెల్లవారితే మళ్ళీ ఐదే.

గుండ్లకమ్మ గట్టు:
క్రైస్తవం వైపు నేను రాస్తాను. ఉపోసథ గారు క్రియను పట్టుకున్నారు కదా, అక్కడే మొదలుపెడదాం. మత్తయి 28:19 ఆధారంగా మన తెలుగు సంఘాల్లో పలికేది ఇది: "తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామములోనికి నీకు బాప్తిస్మమిచ్చుచున్నాను." ఈ మాట పలికేది ఇచ్చేవాడు. పొందేవాడు దానికి ముందు విశ్వాసాన్ని ఒప్పుకుంటాడు గానీ ఆ క్షణంలో వాక్యం అతనిది కాదు. "నామములోనికి" అన్న విభక్తినీ గమనించండి. ఒకరి పేరుతో చేయడం మాత్రమే కాదు, ఆ పేరులోకి చేర్చడం.

ఎవరు ఇవ్వాలి అంటే, మామూలుగా పాస్టరు గాని, కతోలికుల్లో గురువు (ప్రీస్టు) గాని. కానీ కతోలిక నియమం ప్రకారం ప్రాణం పోయే పరిస్థితిలో ఎవరైనా ఇవ్వవచ్చు, క్రైస్తవుడు కానివాడైనా సరే. సంఘం ఏ ఉద్దేశంతో ఇస్తుందో ఆ ఉద్దేశం అతనికి ఉండాలి, నీళ్ళు పోసేవాడూ మాట పలికేవాడూ ఒక్కరే అయివుండాలి. నీళ్ళు తల మీద పారాలి. తడి వేలితో బొట్టు పెట్టినట్టు అద్దితే చాలదు.

మాట ఎంత ముఖ్యమో చూపడానికి ఒక ఉదాహరణ. "నేను నీకు" అనే బదులు "మేము నీకు" అని ఇచ్చిన జ్ఞానస్నానం (బాప్తిస్మానికి కతోలికుల మాట) చెల్లదని 2020లో వాటికన్ ప్రకటించింది. ఇచ్చేది గుమిగూడిన జనం కాదు, గురువు ద్వారా క్రీస్తే ఇస్తాడు అన్నది దాని వెనక ఉన్న విశ్వాసం. ఆ ప్రకటన చూసి అమెరికాలో డెట్రాయిట్ ప్రాంతపు గురువు ఒకరు తన చిన్నప్పటి వీడియో తీసి చూసుకుంటే అందులో "మేము" అనే ఉంది. జ్ఞానస్నానం చెల్లకపోతే తర్వాత పొందిన గురుపట్టమూ (ప్రీస్టుగా అభిషేకం) చెల్లదు. ఆయన మొదటి నుంచీ అన్నీ మళ్ళీ పొందవలసి వచ్చింది.

మళ్ళీ తీసుకోవచ్చా అంటే, కతోలికులకూ చాలా ప్రొటెస్టెంటు సంఘాలకూ బాప్తిస్మం జీవితంలో ఒక్కసారే. "ప్రభువు ఒక్కడే, విశ్వాస మొక్కటే, బాప్తిస్మ మొక్కటే" అన్న ఎఫెసీ 4:5 దానికి ఆధారం. నీళ్ళు, త్రిత్వ నామం (తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల పేరు) సరిగా ఉంటే ప్రొటెస్టెంటు సంఘంలో పొందినదాన్ని కతోలిక సంఘం ఒప్పుకుంటుంది. తిరిగి ఇవ్వదు. బాప్టిస్టులు, పెంతెకొస్తు వాళ్ళు శిశువులకు ఇచ్చినదాన్ని లెక్కలోకి తీసుకోరు. పెద్దయ్యాక నీళ్ళలో ముంచి ఇస్తారు. బయటివాళ్ళకు అది రెండోసారిలా కనిపిస్తుంది, వాళ్ళ దృష్టిలో అదే మొదటిది. ఈ తేడా పిల్లలకు చెప్పకుండా "క్రైస్తవులు ఇలా చేస్తారు" అని ఒక్క గాటన కట్టకండి.

తర్వాత పాపంలో పడిపోతే ఏమిటి? బాప్తిస్మం రద్దవదు. కతోలికులు పాపసంకీర్తనానికి (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) వెళ్తారు, ప్రొటెస్టెంటులు నేరుగా దేవుని దగ్గర ఒప్పుకుంటారు. శీలాన్ని తిరిగి తీసుకున్నట్టు బాప్తిస్మాన్ని తిరిగి తీసుకోవడం ఉండదు. తెగిన సంబంధం మళ్ళీ అతుకుతుంది, అతికేవాడు దేవుడు.

మన ప్రాంతపు ఉదాహరణ కావాలంటే ఒంగోలు చరిత్ర చెప్పండి. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్ళకు ఏడాదికి పైగా ఇవ్వకుండా ఆపాడు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవాళ్ళు ఆరుగురు బోధకులు. ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్ళలో దిగి, అలసిపోతే మరో ఇద్దరికి చోటిస్తూ వచ్చారు. అంతమంది ఉన్నారు కదా అని గుంపు మీద నీళ్ళు చిలకరించలేదు. ఒక్కొక్కరినీ ముంచి లేపారు.

మాటల మూట:
పై రెండు జవాబులూ బాగున్నాయి. తరగతిలో అసలు చిక్కు మాత్రం మన తెలుగు మాటల దగ్గరే వస్తుంది.

"దీక్ష" అనగానే మన పిల్లలకు గుర్తొచ్చేది అయ్యప్ప దీక్ష. మండలం రోజులు పట్టి, తర్వాత విరమిస్తారు. బాప్తిస్మానికి విరమణ లేదు. త్రిశరణానికి గడువు లేదు. గడువున్న దీక్షకు దగ్గరగా వచ్చేది పైన చెప్పిన ఉపోసథ ఒక్కటే. ఇంకో చిక్కు చూడండి: పాళీలో "వేరమణీ" అంటే చెడు నుంచి తప్పుకోవడం. మన దగ్గర "దీక్షా విరమణ" అంటే నియమాల్నే ముగించడం. ధాతువు ఒకటే, తిరిగింది ఎదురు దిక్కుకు.

"సిక్ఖాపదం"ను "శిక్షాపదం" అని రాస్తే తెలుగు విద్యార్థికి దండన వినిపిస్తుంది. "శిక్షణ" అనండి. "దుక్ఖం" అంటే ఏడుపు ఒక్కటే కాదు, సుఖం కూడా నిలవదు కాబట్టి దానిలో ఉన్న వెలితి కూడా. ఏడుపని చెబితే బౌద్ధం నిరాశావాదం అన్న పాత అపార్థం మళ్ళీ మొదలవుతుంది.

క్రైస్తవం వైపు "పాపం". మనకు పాపం అంటే పుణ్యానికి ఎదురు, రెండూ ఒక ఖాతాలో జమా ఖర్చుల్లాంటివి. పౌలు పత్రికల్లో పాపం విడివిడి తప్పుల పద్దు మాత్రమే కాదు, మనిషిని ఏలుతున్న స్థితి. పుణ్యం చేసి దాన్ని చెల్లగొట్టలేం. "కృప" అన్న మాట అక్కడే కావలసి వస్తుంది. అర్హత చూడకుండా ఇచ్చేది కృప. "రక్షణ" పాపం నుంచి, మరణం నుంచి. "నిబ్బానం" (నిర్వాణం) తృష్ణ ఆరిపోవడం. రెండింటినీ "మోక్షం" అని రాసిన క్షణంలో పాఠం చేజారుతుంది.

కృష్ణవేణి:
ఉపోసథ గారితో ఒక్కచోట విభేదిస్తాను. "బౌద్ధంలో ఇచ్చేవాడు లేడు" అన్నది థేరవాదానికి నప్పుతుంది. జపాన్‌లో షిన్‌రాన్ (1173-1262) బోధించిన మార్గం చూడండి. సొంత బలంతో విముక్తి సాధ్యం కాదు, తనను నమ్మి పేరు తలచినవాళ్ళను తన లోకంలో పుట్టిస్తానన్న అమితాభ బుద్ధుడి పద్దెనిమిదో ప్రతిజ్ఞను నమ్మడమే దారి, ఆ నమ్మకం కూడా ఆయన ఇచ్చినదే అంటాడు. దాన్ని "పరబలం" అంటారు. నామస్మరణ అడగడం కోసం కాదు, కృతజ్ఞత కోసం. కృపకు ఇంత దగ్గరగా వచ్చే బౌద్ధం ఉందని చెప్పకపోతే పాఠం ఒంటికాలి మీద నిలబడుతుంది. అలాగని అమితాభుడు సృష్టికర్త కాడు, తీర్పరి కాడు. ఆ గీత చెరపకండి.

రెండోది 1956. అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేద్కర్ భిక్షు చంద్రమణి చేతుల మీదుగా త్రిశరణ పంచశీలాలు స్వీకరించారు. తర్వాత లక్షలాది జనానికి తానే దీక్ష ఇచ్చారు, 22 ప్రతిజ్ఞలతో సహా. గృహస్థు దీక్ష ఇవ్వడం, పాత దేవుళ్ళను పేరుపెట్టి విడిచిపెట్టడం, బుద్ధుడు విష్ణువు అవతారమంటే నమ్మనని చెప్పడం, ఇవన్నీ పాళీ శరణగమనంలో లేవు. కతోలిక జ్ఞానస్నానంలో మాత్రం దీనికి పోలిక ఉంది. "సాతానును విడనాడుచున్నారా?" అని అడిగి, అవుననిపించుకున్నాకే ముందుకు వెళ్తారు. మన తెలుగు రాష్ట్రాల్లో అంబేద్కర్ బాటలో బౌద్ధం స్వీకరించేవాళ్ళది ఈ నాగపూర్ పద్ధతే కాబట్టి, మీ పట్టికలో దానికి వేరే వరస ఉండాలి. దాన్ని "ధమ్మదీక్ష" అని వాళ్ళే అంటారు. అక్కడ దీక్ష అన్న మాట సరైనదే.

పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది, సిద్ధంగా ఉండండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సీ కిందికి వస్తారు. అంటే ఒక దళిత కుటుంబానికి ఈ రెండింటిలో దేన్ని స్వీకరిస్తున్నామన్నది విశ్వాసంతో ఆగే విషయం కాదు, కుల ధృవీకరణ పత్రం దాకా వెళ్తుంది. దీన్ని దాటవేయడం ఆ కుటుంబాల పిల్లలకు అన్యాయం.

తెనాలి చదువరి:
అందరికీ కృతజ్ఞతలు. "దీక్ష" కొట్టేశాను. ఆ వరసకు ఇప్పుడు ఏ పేరు పెట్టాలి?

ఉపోసథ:
కృష్ణవేణి గారి అభ్యంతరం ఒప్పుకుంటున్నాను, నేను థేరవాదం అని స్పష్టంగా రాయవలసింది.

పేరు అక్కర్లేదండీ. బోర్డు మీద రెండు వాక్యాలూ ఒకదాని కింద ఒకటి రాయండి, "గచ్ఛామి" కిందా "ఇచ్చుచున్నాను" కిందా గీత గీయండి. ఈ మాట ఎవరు ఎవరితో అంటున్నారని అడిగి, ఐదు నిమిషాలు పిల్లలనే మాట్లాడనివ్వండి. షిన్‌రాన్‌నూ బాప్టిస్టులనూ ఆ తర్వాతే తీసుకురండి. ముందే చెబితే మినహాయింపులు గుర్తుంటాయి, అసలు తేడా గుర్తుండదు. గంటన్నరలో సగం దీనికే పోతుంది, పోనివ్వండి. చతురార్య సత్యాలు "ఎందుకు వెళ్తున్నాను" అన్న ప్రశ్నకు జవాబుగా, సిలువ, పునరుత్థానం "ఎవరు ఇస్తున్నారు, ఏమిస్తున్నారు" అన్నదానికి జవాబుగా వాటంతట అవే వస్తాయి.

గుండ్లకమ్మ గట్టు:
ఒక్క జాగ్రత్త. తరగతిలో చూపించడం కోసమని ఎవరి మీదా నీళ్ళు పోసి ఆ వాక్యం పలికించకండి. ఆ ఉద్దేశం లేదు కాబట్టి అది బాప్తిస్మం కాదు, నిజమే. కానీ నమ్మేవాళ్ళకు అది ప్రదర్శన వస్తువు కాదు. పిల్లల్ని చర్చికి తీసుకెళ్తే ప్రభు భోజనం (రొట్టె, ద్రాక్షరసం పంచడం) వేళ వరసలో నిలబడవద్దని ముందే చెప్పండి. కతోలిక దేవాలయంలో దాన్ని దివ్యసత్ప్రసాదం అంటారు, కతోలికులకే ఇస్తారు. మిగతావాళ్ళు బెంచీలో కూర్చుని ఉండిపోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు.