అప్‌డేట్: అమ్మ కొత్త ఫోన్ ఇప్పుడు మోగుతోంది

అమ్మ కొత్త ఆండ్రాయిడ్ ఫోన్‌కి కాల్ వచ్చినా రింగ్ వినపడటం లేదని, పవర్ బటన్ ఎంతసేపు నొక్కినా ఆఫ్ కావడం లేదని అడిగాను కదా. రెండూ తేలిపోయాయి. చెప్పినవాళ్లందరికీ చాలా థ్యాంక్స్.

స్క్రీన్ పైన గుండ్రంలో అడ్డగీత ఉన్న గుర్తు కనిపించింది. అది 'డు నాట్ డిస్టర్బ్', అంటే కాల్స్ మోగకుండా ఆపే సెట్టింగ్. పైనుంచి కిందికి లాగి, దాన్ని ఒకసారి తాకగానే ఆఫ్ అయింది. కాల్ చేసి చూశాం, రింగ్ బాగా వినిపించింది. ఊళ్లో ఒంటరిగా ఉండే మనిషి ఫోన్ ఎత్తకపోతే మాకెంత టెన్షనో!

పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే అసిస్టెంట్ (నోటితో చెబితే పనులు చేసే యాప్) వస్తోంది. వాల్యూమ్ పెంచే బటన్‌తో కలిపి నొక్కితేనే స్విచాఫ్ మెనూ వచ్చింది. కొన్ని కంపెనీల ఫోన్లలో వాల్యూమ్ తగ్గించే బటన్‌తో కలిపి నొక్కిపట్టాలి.

ఇంకో ముఖ్యమైన మాట. కింద ఛార్జింగ్ పోర్టు పక్కనున్న సన్నటి రంధ్రం మైక్. సిమ్ పిన్ అందులో గుచ్చకూడదు, సిమ్ ట్రే మీదున్న రంధ్రంలోనే పెట్టాలి. అమ్మకి ఇది రెండుసార్లు చూపించాను.

దీనికి ఇయర్‌ఫోన్ జాక్ లేదు, టైప్-సి పోర్టే ఉంది. పాత ఇయర్‌ఫోన్స్‌కి ఏ కన్వర్టర్ కొనాలో తెలిసినవాళ్లు చెప్పండి.