సమస్య: వద్దు వద్దనుటయె ముద్దు పేరు

నిర్వాహకుడు: మనవరాలి బారసాల దగ్గరపడింది. రెండక్షరాల పేరే కావాలట, చుట్టుపక్కల ఎవరికీ ఉండకూడదట. ఇళ (భూమి), ద్యుతి (కాంతి), క్షప (రాత్రి) అన్నాను. "క్షపా? తుమ్మినట్టుంది, వద్దు మామయ్యగారూ" అంది కోడలు. అన్నిటికీ వద్దే. సరే, అదే సమస్య. పూరణలో ఆడపిల్ల పేరొకటి, రెండక్షరాలది, రావాలి.

గోదారి తాత:
మంచుకొండ పట్టి మౌనతపముఁ గోరఁ
దల్లి మేన పలికెఁ దల్లడిల్లి
యుమ యటంచు, నదియె యుర్వి నిల్చెఁ గదమ్మ
వద్దు వద్దనుటయె ముద్దు పేరు
("ఉ" అంటే ఓసీ, "మా" అంటే వద్దు. తపస్సుకు పోతానన్న పార్వతితో తల్లి మేన అన్నమాట. కాళిదాసు కుమారసంభవం మొదటి సర్గలోదే.)

తెనాలి మాస్టారు: రెండో పాదం హాయిగా నడిచింది తాతగారూ. కానీ వద్దన్నది "మా"లోని దీర్ఘం. మీరు దాన్ని కోసేశారు. వద్దని చెప్పేవాళ్లే లేకపోతే పార్వతి తపస్సుకు పోక ఏం చేస్తుంది? పోయిన నెల "రమ"కూ మీ చేతిలో ఇదే గతి.

గోదారి తాత: తెలుగులోకొస్తే ఉమే అవుతుంది. రమ సంగతి ఇప్పుడెందుకు? మీ పూరణ కానివ్వండి.

తెనాలి మాస్టారు:
ఆడపిల్ల పుట్ట నాపేరు పెట్టిరి
నకుశ యనుచు నాఁడు నాన్న తాత
మార్చుకొనియె నామె, మఱి యెట్టు లగునురా
వద్దు వద్దనుటయె ముద్దు పేరు?
మహారాష్ట్రలో వరసగా ఆడపిల్లలే పుడితే నకుశా అని పెట్టేవారు, అక్కర్లేనిదని. సతారా జిల్లాలో 2011 అక్టోబరులో 285 మంది ఒకేసారి ఆ పేరు వదిలించుకున్నారు.

గోదారి తాత: ప్రశ్నగా తిప్పడం భేష్. గుండెకు తగిలింది. అయితే "నకుశా" దీర్ఘం కోసిందెవరు మాస్టారూ? పైగా మూడక్షరాలు.

తెనాలి మాస్టారు: ఉంచితే గణం పోతుంది.

గోదారి తాత: ఉమకైతే పోదా?

కృష్ణాతీరం: మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. మా నాయనమ్మ పేరు పెంటమ్మ. అంతకుముందు ముగ్గురు పుట్టి పోయారని, ఈమెను చేటలో పెట్టి పెంటకుప్ప మీద కాసేపు ఉంచి ఇంట్లోకి తెచ్చుకున్నారట. చెత్త అనుకుని చావు కూడా ముట్టదని. అదీ వద్దే, కాకపోతే "పోవద్దు". పద్యం మాత్రం కుదరలేదు, రెండు పాదాల దగ్గరే ఆగిపోయింది.

తెనాలి మాస్టారు: ఆ రెండు పాదాలూ పెట్టండమ్మా. గణాలు నేను చూస్తాను.

గోదారి తాత: దీర్ఘాలు జాగ్రత్తమ్మా.

నిర్వాహకుడు: కోడలికి ఉమ చెప్పాను. "మా ఆఫీసులోనే ఇద్దరున్నారు, వద్దు" అంది.