అప్‌గ్రేడ్‌కి ముందు బూట్ ఎన్విరాన్‌మెంట్ తీసుకుంటే సరిపోతుందా?

మునగచెట్టు:
ఆఫీసు సర్వర్ ఒకటి ఫ్రీబీఎస్‌డీ 13 (యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్) మీద నడుస్తోంది, రూట్ (సిస్టమ్ ఫైళ్లుండే చోటు) జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ మీద ఉంది. 14కి మార్చాలి. మిషన్ వేరే ఊళ్లో ఉంది. దాని దగ్గరుండేది అకౌంట్స్ చూసే ఆయన ఒక్కరే, పవర్ బటన్ నొక్కడం తప్ప ఆయనకి ఇంకేం చెప్పలేను. బూట్ ఎన్విరాన్‌మెంట్ (తేడా వస్తే తిరిగి బూట్ చేసుకునేలా సిస్టమ్‌కి తీసిపెట్టే కాపీ) తీసుకుంటే చాలంటున్నారు. నిజంగా చాలా? పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కూడా ఇందులోనే ఉంది. వాడినవాళ్లు చెప్పండి.

లోడర్_లింగం:
బటన్ నొక్కే మనిషి ఉన్నాడు కదా, సగం టెన్షన్ పోయినట్టే. ఈ ఎన్విరాన్‌మెంట్లు చూసుకునే బీఈసీటీఎల్ కమాండ్ ఫ్రీబీఎస్‌డీ 12.0 నుంచి సిస్టమ్‌తోనే వస్తోంది. క్రియేట్ కొడితే రూట్‌కి స్నాప్‌షాట్ (ఆ క్షణపు ప్రతి) తీసి దాన్నుంచి క్లోన్ (మార్చుకోగల కాపీ) చేస్తుంది. క్షణాల్లో అయిపోతుంది, తర్వాత మారిన బ్లాకులకే చోటు పడుతుంది. అప్‌గ్రేడ్ చేసే ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ కమాండ్ కూడా ఇప్పుడు ఇన్‌స్టాల్‌కి ముందు తనే ఒకటి తీసిపెడుతుంది. కానీ బూట్ కాకపోతే పాతదాన్ని లోడర్ మెనూలో (మిషన్ లేచేటప్పుడు మొదట వచ్చే మెనూ) ఎంచుకోవాలి, మీకు ఆ స్క్రీన్ కనపడదు. అందుకని ఇలా చేయండి: కొత్త ఎన్విరాన్‌మెంట్ తీసి, బీఈసీటీఎల్ యాక్టివేట్‌కి మైనస్ టీ (-t) కలిపి రీబూట్ చేయండి. అది ఒక్క బూట్‌కే పనిచేస్తుంది. అప్‌గ్రేడ్ అంతా ఆ కొత్తదాన్లోనే చేయండి. మధ్యలో నెట్‌వర్క్ రాకుండా ఆగిపోతే ఆయన్ని బటన్ నొక్కమనండి, పాత 13 లేస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి. అప్‌గ్రేడ్‌లో కర్నల్ (సిస్టమ్ మూల ప్రోగ్రామ్) పెట్టాక ఓసారి, తర్వాత ఇంకోసారి రీబూట్లు ఉంటాయి. ప్రతిదానికీ ముందు మళ్లీ మైనస్ టీ కొట్టాలి, లేకపోతే పాతదాన్లోకి వెళ్లిపోయి "ఏంటి, అప్‌గ్రేడే అవలేదు" అనుకుంటారు. అంతా బాగుంటే చివర్లో మైనస్ టీ లేకుండా యాక్టివేట్ చేయండి.

పాతసోలారిస్:
లింగం గారు చెప్పింది బాగానే ఉంది కానీ పోస్ట్‌గ్రెస్ సంగతి వదిలేశారు, అసలు ప్రమాదం అక్కడుంది. మామూలు ఇన్‌స్టాలర్ లేఅవుట్‌లో /వార్ (/var) కింద లాగ్, మెయిల్ లాంటివే విడి డేటాసెట్లు (విడిగా స్నాప్‌షాట్ తీయగల జెడ్‌ఎఫ్‌ఎస్ భాగాలు). /వార్/డీబీ రూట్‌తో పాటే ఉంటుంది. కావాలనే అలా పెట్టారు, ప్యాకేజీల జాబితా ఆ ప్రోగ్రాములుండే /యూఎస్‌ఆర్/లోకల్‌తో కలిసి ముందుకీ వెనక్కీ వెళ్లాలి కాబట్టి. మరి మీ డేటాబేస్ కూడా అక్కడే! వారం తర్వాత ఏదో తేడా వచ్చి 13కి వెళ్తే ఆ వారం ఎంట్రీలు కనపడవు. పోవులెండి, కొత్త ఎన్విరాన్‌మెంట్‌లోనే ఉంటాయి, కానీ అకౌంట్స్ ఆయన గుండె ఆగుతుంది.

ముందే పోస్ట్‌గ్రెస్‌కి విడి డేటాసెట్ చేసి డేటా అందులోకి మార్చండి. అలా చేసేటప్పుడు మధ్యలో వచ్చే "వార్/డీబీ" డేటాసెట్‌కి క్యాన్‌మౌంట్ ఆఫ్ (అది మౌంట్ కాకుండా) పెట్టడం మర్చిపోకండి. లేకపోతే అదెళ్లి అసలు /వార్/డీబీ మీద మౌంట్ అవుతుంది, ప్యాకేజీలు చూసే పీకేజీ కమాండ్‌కి ఒక్క ప్యాకేజీ కూడా కనపడదు.

లోడర్_లింగం:
అవును, అది నిజమే. ఇంకోటి, పోస్ట్‌గ్రెస్ మేజర్ వెర్షన్ ఇప్పుడే మార్చకండి. డేటా విడిగా ఉన్నా, కొత్త వెర్షన్ మార్చిన డైరెక్టరీని పాత బైనరీ చదవదు. ఎలాగూ ముందు పీజీ-డంప్ (డేటాబేస్ బ్యాకప్ ఫైల్) తీసి వేరే మిషన్‌లో పెట్టుకోండి. ఎన్ని ఎన్విరాన్‌మెంట్లు తీసినా ఉండేది అదే డిస్క్ మీద.

ఆర్చ్_అబ్బాయి:
లినక్స్‌లో ఇంత తంటా లేదు బ్రో, టైమ్‌షిఫ్ట్ (స్నాప్‌షాట్లు తీసే ప్రోగ్రామ్) పెట్టి వదిలేయడమే 😄

టంబుల్_రాణి:
తమ్ముడూ, టైమ్‌షిఫ్ట్ ఆర్‌సింక్ మోడ్‌లో (ఫైళ్లను కాపీ చేసే పద్ధతి) ఉంటే, సిస్టమ్ బూట్ కానప్పుడు లైవ్ యూఎస్‌బీతో వచ్చి రీస్టోర్ చేయాలి. దూరంగా ఉన్న సర్వర్‌కి ఎవరు గుచ్చుతారు? ఇక స్నాప్‌షాట్లు తీయగల బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ వాడుతున్నావనుకుందాం, నీ /బూట్ ఎక్కడుంది? ఆర్చ్‌లో చాలామంది ఈఎస్‌పీనే (బూట్ ఫైళ్లుండే చిన్న పార్టిషన్) /బూట్‌గా మౌంట్ చేస్తారు. అది ఫ్యాట్ పార్టిషన్, స్నాప్‌షాట్‌లోకి రాదు. రూట్ వెనక్కి వెళ్తుంది, కర్నల్ మాత్రం కొత్తదే ఉండిపోతుంది, దానికి సరిపడే మాడ్యూల్స్ (డ్రైవర్లు) ఉండవు. వైఫై ఉండదు, ఒక్కోసారి అసలు లేవదు. ఈఎస్‌పీని /ఈఎఫ్‌ఐలో మౌంట్ చేసి, కర్నల్‌ని రూట్‌లోనే ఉంచి గ్రబ్ బూట్‌లోడర్‌తో చదివించడం మేలు.

ఓపెన్‌సూసే లినక్స్‌లో మామూలు గ్రబ్‌తో ఇన్‌స్టాల్ చేస్తే మొదటి నుంచీ అలాగే ఉంటుంది. ప్యాకేజీలు పెట్టే జిప్పర్ నడిచినప్పుడల్లా స్నాపర్ అనే ప్రోగ్రామ్ ముందొక స్నాప్‌షాట్, వెనకొకటి తీస్తుంది. తేడా వస్తే గ్రబ్ మెనూలో పాత స్నాప్‌షాట్‌ని రీడ్-ఓన్లీగా లేపి చూసుకుని, "స్నాపర్ రోల్‌బ్యాక్" కొట్టి రీబూట్ చేస్తే సరి. అక్కడ /వార్ మొత్తం విడి సబ్‌వాల్యూమ్ (బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో విడి భాగం), అంటే పైన సోలారిస్ గారు చెప్పినదానికి ఉల్టా. రూట్ వెనక్కి వెళ్లినా డేటాబేస్ ఇవాళ్టిదే ఉంటుంది.

పాతసోలారిస్:
ఇది మాత్రం పెద్దక్షరాలతో రాసుకోండి. 14 లేచాక పూల్ (జెడ్‌ఎఫ్‌ఎస్ డేటాసెట్లన్నీ ఉండే డిస్క్ చోటు) ఎలా ఉందో జెడ్‌పూల్ స్టేటస్‌తో చూస్తే కొన్ని ఫీచర్లు ఎనేబుల్ కాలేదు, జెడ్‌పూల్ అప్‌గ్రేడ్ చేయొచ్చు అని చెబుతుంది. చేయకండి! ఒకసారి చేస్తే వెనక్కి రాదు. పాత 13 కర్నల్ ఆ పూల్‌ని తెరవలేకపోవచ్చు, ఈఎస్‌పీలో పాత లోడర్ ఉంటే అసలు బూట్ కూడా కాకపోవచ్చు. పూల్ మొత్తానికీ ఒకటే కదా, ఎన్ని ఎన్విరాన్‌మెంట్లున్నా అప్పుడు ఉపయోగం లేదు. కొన్ని వారాలు ఆగి, లోడర్ ఫైల్ కొత్తది పెట్టాకే దాని జోలికెళ్లండి.

మునగచెట్టు:
పోస్ట్‌గ్రెస్ అక్కడుంటుందని తెలియనే తెలియదు, థ్యాంక్స్ సర్. డేటాసెట్ పని ఈ ఆదివారం, అప్‌గ్రేడ్ వచ్చే ఆదివారం పెట్టుకుంటా. పాత ఎన్విరాన్‌మెంట్ ఎప్పుడు తీసేయొచ్చు?

లోడర్_లింగం:
నెలాఖరు లెక్కలు ఒకసారి సాఫీగా అయ్యాక తీసేయండి. డిస్ట్రాయ్‌కి మైనస్ ఓ కలిపితే దాని వెనకున్న స్నాప్‌షాట్ కూడా పోతుంది, లేకపోతే ఒక్కోసారి చోటు ఖాళీ అవలేదేంటని వెతుక్కుంటారు. పేరులో వెర్షన్, తేదీ పెట్టండి. "టెస్ట్2" అని పెడితే అప్పుడు ఏది ఏదో తెలియదు.