ఇంట్లో బిగించుకున్న గిటార్: విడి తీగలు శ్రుతిలో ఉన్నా కార్డులు (కలిపి మోగించే స్వరాలు) ఎందుకు కలవడం లేదు?

ప్రశ్న (చెన్నై వేళచ్చేరి నుంచి)

నమస్కారం. విడిభాగాలుగా వచ్చిన స్ట్రాటోకాస్టర్ తరహా ఎలక్ట్రిక్ గిటార్‌కు రంగు వేసి, మెడ బిగించి, వైర్లు కూడా నేనే సోల్డర్ చేసి గత నెలలో పూర్తి చేశాను. విడి తీగలన్నీ ట్యూనర్‌లో సరిగ్గానే పలుకుతున్నాయి గానీ, మొదటి రెండు మూడు ఫ్రెట్లలో (మెడ మీది లోహపు అడ్డుకమ్మీల దగ్గర) కార్డు పట్టుకుంటే శ్రుతి పైకి పోయినట్టు వినిపిస్తోంది. మొదట పన్నెండో ఫ్రెట్ దగ్గర తేడా లేదు. బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) మీద శాడిళ్లను (ఒక్కో తీగ కింది చిన్న దిమ్మలను) అటూ ఇటూ జరిపాక అక్కడ కూడా తప్పుతోంది. పైగా ఆంప్లిఫయర్‌లో గుయ్యిమనే మోత వస్తోంది, తీగలను ముట్టుకున్నా తగ్గడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (మైలాపూరు నుంచి)

ముందు శాడిళ్లను వదిలేయండి. తప్పు మొదటి ఫ్రెట్లలో ఎక్కువగా ఉండి, పైకి వెళ్లేకొద్దీ తగ్గుతోందంటే అనుమానించవలసింది బ్రిడ్జిని కాదు, నట్‌ను (మెడ చివర తీగలు ఆనే గాడుల పట్టీని). నట్‌లోని గాడి లోతు చాలకపోతే తీగ ఎత్తుగా నిలుస్తుంది. మొదటి ఫ్రెట్ మీదికి దాన్ని నొక్కేటప్పుడు బాగా సాగి స్వరం పైకి పోతుంది. మూడో ఫ్రెట్ దగ్గర తీగను నొక్కి పట్టుకుని, మొదటి ఫ్రెట్‌కూ తీగకూ మధ్య ఎంత సందు ఉందో చూడండి. కాగితం మందం కూడా లేనంత సందు మిగిలితే చాలు, అంతకన్నా ఎక్కువ ఉంటే గాడిని లోతు చేయాలి.

వీణకు మేళం కట్టేవారు (మెట్లు అమర్చేవారు) మైనం మీద మెట్టును జరిపి స్వరాన్ని సరిచేయగలరు. మనకు ఫ్రెట్లు కదలవు కాబట్టి తీగ ఎత్తునూ పొడవునూ సరిచేసుకోవడమే దారి.

గాడి జోలికి వెళ్లేముందు మెడ వంపు చూడాలి. మొదటి ఫ్రెట్‌కు కేపో (తీగలన్నిటినీ నొక్కి ఉంచే క్లిప్పు) బిగించి, మెడ బాడీని కలిసే చోటి ఫ్రెట్‌ను నొక్కితే, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర ఆరో తీగ (అన్నిటికన్నా మందమైనది) కింద సుమారు 0.25 మిల్లీమీటర్ల సందు ఉండాలి. దాన్ని కొలవడానికి బైకు మెకానిక్కులు వాడే ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పలుచటి రేకుల కట్ట) సరిపోతుంది. వాహనాల విడిభాగాలు అమ్మే జనరల్ ప్యాటర్స్ రోడ్డులో అడిగి చూడండి. సందు ఎక్కువగా ఉంటే ట్రస్ రాడ్‌ను (మెడ వంపును సరిచేసే లోపలి లోహపు కడ్డీని) గడియారం ముల్లు తిరిగే దిశలో, తక్కువైతే వ్యతిరేక దిశలో, ఒక్కోసారి పావు చుట్టుకు మించకుండా తిప్పి, మళ్లీ శ్రుతి చేసి కొలవండి. గట్టిగా అడ్డుపడితే బలవంతం చేయవద్దు. ఆ తరువాత నట్, ఆ తరువాత తీగల ఎత్తు, అన్నిటికన్నా చివర, కొత్త తీగలు వేసుకుని, శాడిళ్లు. పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరం అక్కడి హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) కన్నా పైన ఉంటే శాడిల్‌ను వెనక్కి, కిందికి ఉంటే ముందుకు జరపాలి.

జవాబు (అంబత్తూరు నుంచి)

మోత సంగతి వేరు. సింగిల్ కాయిల్ పికప్‌లకు (ఒకే తీగచుట్టతో తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చేవాటికి) కొంత హమ్ సహజమే గానీ, తీగలను ముట్టుకుంటే అది తగ్గాలి. మీకు తగ్గడం లేదంటే బ్రిడ్జికి గ్రౌండ్ (ఎర్తు) అందడం లేదేమో. వెనక మూత తీసి, స్ప్రింగులు తగిలించిన లోహపు పలకకు వచ్చే వైరును చూడండి. రంగు మీదే సోల్డర్ చేసి ఉంటే అతుకు నిలవదు, అక్కడ గీకి మళ్లీ అతికించాలి. మల్టీమీటరుతో బ్రిడ్జికీ జాక్ (కేబుల్ గుచ్చే చోటు) గ్రౌండ్‌కూ మధ్య కంటిన్యూటీ (తెగని విద్యుత్ దారి) ఉందో లేదో చూస్తే తేలిపోతుంది. మీటరు లేకపోతే రిచీ స్ట్రీట్‌లో చవకగానే దొరుకుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మెడ వంపు సరిగ్గానే ఉంది, నట్ గాడులే ఎత్తుగా ఉన్నాయి. తొందరపడి మూడో తీగ గాడిని మరీ లోతు చేయడంతో అది విడిగా మోగినప్పుడు గరగరమంటోంది. మిగిలిన అయిదూ కుదిరాయి. గ్రౌండ్ వైరు మీరు చెప్పినట్టే రంగు మీద అతికి ఉంది. ఆ ఒక్క గాడిని నింపడానికి సూపర్ గ్లూ, వంటసోడా కలిపి ప్రయత్నించవచ్చా?

జవాబు (మైలాపూరు నుంచి)

ప్రయత్నించవచ్చు. గాడిలో చిటికెడు సోడా వేసి ఒక్క చుక్క గ్లూ వదలండి, క్షణాల్లో గట్టిపడుతుంది. చుట్టూ ఉన్న చెక్కకు ముందుగానే టేపు అంటించండి. మళ్లీ కోసేటప్పుడు గాడి హెడ్‌స్టాక్ (మెడ చివర తీగలు బిగించే మరలున్న భాగం) వైపుకు కాస్త వాలేలా చూసుకోండి. తీగ మెడ వైపు అంచు మీదే ఆనుకోవాలి.