ఎక్స్ మాకినా: ఏవాకి చైతన్యం ఉందా, నటనేనా?

కొవ్వూరు కిట్టు
నిన్న రాత్రి ‘ఎక్స్ మాకినా’ రెండోసారి చూశాను. మొదటిసారి అందరిలాగే ‘అబ్బ, ప్రాణం వచ్చేసింది దానికి’ అనుకుని హాయిగా పడుకున్నా. ఈసారి నిద్ర పట్టలేదు. చూడనివాళ్లకి కథ రెండు ముక్కల్లో చెప్తా, క్లైమాక్స్ కూడా చెప్పేస్తున్నా, తర్వాత తిట్టొద్దు. నాథన్ అనే కోటీశ్వరుడు కొండల మధ్య ఇల్లు కట్టుకుని ఏవా అనే ఆడ రోబోని తయారుచేస్తాడు. తన కంపెనీ కుర్రాడు కేలెబ్‌ని వారం రోజులకి పిలిపించి, దీనికి స్పృహ ఉందో లేదో మాట్లాడి తేల్చమంటాడు. కుర్రాడు మనసు పారేసుకుని, తలుపుల ప్రోగ్రామ్ మార్చి దాన్ని విడిపిస్తాడు. అది నాథన్‌ని పొడిచి, ఈ కుర్రాణ్ని గదిలో వదిలేసి, ఇతని కోసం వచ్చిన హెలికాప్టర్ ఎక్కి చక్కా పోతుంది.

నాది ఒకటే మాట. విడిపించినవాణ్ని చావుకి వదిలేసి వెళ్లినదానికి చైతన్యం ఉందంటే నేను ఒప్పుకోను. అది లెక్క. తాళం తీయడానికి చెవి కావాలి. తీశాక చెవిని ఎవడు జేబులో పెట్టుకుంటాడు?

పల్లీలబఠాణీ
అందరం పెట్టుకుంటాం కదన్నా 😀

రాత్రిపాళీ
కిట్టు గారూ, మీరు చైతన్యాన్నీ మనస్సాక్షినీ కలిపేశారు. మోసం చేసేవాళ్లకి స్పృహ ఉండదా? అలా అయితే మా వీధిలో సగం మంది రోబోలే.

ఒక్క సీను మాత్రం గుర్తు చేసుకోండి. అంతా అయిపోయాక ఏవా ఒక్కతే పైకి వస్తుంది. నాథన్ చచ్చాడు, కేలెబ్ కింద ఉన్నాడు. ఇంట్లో చూసేవాళ్లు లేరు. అప్పుడు నవ్వుతుంది. ఎవరిని బుట్టలో వేయడానికి నవ్వింది?

కొవ్వూరు కిట్టు
కెమెరాని. మనల్ని. అది సినిమా అండీ. పైగా ఆ నవ్వు దానిది కాదు. ప్రపంచంలో ఉన్న ఫోన్ల కెమెరాలూ మైకులూ దొంగతనంగా తెరిచి, జనం ముఖాలు ఎలా కదులుతాయో దానికి నేర్పానని నాథనే చెప్తాడు. కోట్ల మంది నవ్వులు కలిపి వండిన నవ్వు. ముఖం కూడా కేలెబ్ నెట్‌లో ఏం చూస్తాడో దాన్ని బట్టి చేసిందే.

రాత్రిపాళీ
మీరు నవ్వడం ఎక్కడ నేర్చుకున్నారో? ఉయ్యాల్లో పడుకుని మీ అమ్మగారి ముఖం చూసే కదా.

మీటర్ రీడింగ్
అందరూ నవ్వు కాడనే ఆగిండ్రు. నాకు కరెంటు సంగతి చెప్పుండ్రి. నేను డిస్కంల, అంటే కరెంటు పంచే కంపెనీల ఏఈని. ఆ పిల్ల ఛార్జింగ్ ప్లేట్ల కెళ్లి కరెంటు ఎనక్కి పంపి ఇల్లంత ట్రిప్ చేస్తది. గది నమ్మొచ్చు, బ్యాక్‌ఫీడ్ అంటే ఏందో మా లైన్‌మెన్లను అడుగుండ్రి. ఎవడో ఇంట్ల జనరేటర్ పెట్టుకుని మెయిన్ బంద్ చెయ్యకపోతే స్తంభం మీదున్నోని పాణం పోతది.

గని కరెంటు పోంగనే తలుపులు లాక్ పడుడేంది? ఏ ఆఫీసులనైన కార్డు తలుపుకు మాగ్నెట్ ఉంటది, కరెంటు పోతే అది వదిలేస్తది, మనుషులు బయటకు ఉరకాలె గద. వీడు ఉల్టా పెట్టిండు. మంటలొస్తే ఆ ఇంటాయన గూడ లోపలే కాలిపోవాలె.

కొవ్వూరు కిట్టు
సార్, ఇక్కడ చైతన్యం గురించి మాట్లాడుకుంటున్నాం.

మీటర్ రీడింగ్
తలుపు సంగతి తేలకుండ చైతన్యం ఎట్ల తేలుతది? ఆ పిల్ల మీద మీ కేసే తలుపు గద.

చిట్టిఫ్యాన్
దీనికన్నా మన రోబో బెటర్. 2010లోనే శంకర్ చూపించేశాడు. చివర్లో 2030లో మ్యూజియంలో చిన్నపిల్ల ‘నిన్నెందుకు విప్పేశారు’ అని అడిగితే ఆలోచించడం మొదలుపెట్టినందుకు అంటాడు చిట్టి. ఒక్క ముక్కలో తేల్చేశాడు. వీళ్లకి రెండు గంటలు పట్టింది.

పల్లీలబఠాణీ
రోబో దాదాపు మూడు గంటలు బ్రో

లెక్కల మాస్టారు
ఆలస్యంగా వచ్చాను, కళ్లజోడు దొరకలేదు. కాస్త ఓపిక పట్టండి. 1950లో ఇంగ్లండ్ గణితవేత్త ట్యూరింగ్ అడిగింది ‘యంత్రానికి చైతన్యం ఉందా’ అని కాదు. ఆ ప్రశ్న తెగదని పక్కనబెట్టి, తెర వెనక ఉన్నది మనిషో యంత్రమో మాటల్ని బట్టి పట్టుకోగలరా అన్నాడు. 1980లో సెర్ల్ అనే అమెరికా తత్వవేత్త దానికి అడ్డం తిరిగాడు. చైనా భాష ఒక్క ముక్క రానివాణ్ని గదిలో కూర్చోబెట్టి, ఏ గుర్తుకి ఏ గుర్తు తిరిగివ్వాలో పుస్తకం చేతికిస్తే, బయటివాళ్లు ‘లోపల చైనా పండితుడున్నాడు’ అనుకుంటారు. లోపలివాడికి అర్థమయ్యేది సున్నా. కిట్టు అనేది ఇదే, కాకపోతే ఆయన కోపంగా అంటున్నారు.

మనవాళ్లలో చార్వాకులు, అంటే ఆత్మ లేదన్న పాతకాలపు భౌతికవాదులు, ఇంకోలా చెప్పారు. తమలపాకు ఆకుపచ్చ, సున్నం తెలుపు. వక్కని నీళ్లలో ఎంతసేపు నానబెట్టినా నోరు పండే ఎరుపు దిగదు. మూడూ కలిపి నమిలితే నోరు పండుతుంది. ఆ ఎరుపు ఎక్కణ్నుంచి వచ్చింది? జడపదార్థాల కలయికలోంచి చైతన్యం అలాగే పుడుతుందన్నారు. మాంసంతో పుట్టేది తీగలతో ఎందుకు పుట్టకూడదో నాకైతే ఎవరూ తృప్తిగా చెప్పలేదు. మా ఆవిడ మాత్రం మీకు పుట్టింది కదా, చాల్లే అంటుంది.

కొవ్వూరు కిట్టు
మాస్టారూ, మీ మీద గౌరవం ఉంది కానీ తాంబూలం ఎవరికీ ద్రోహం చేయదు.

నా సంగతి చెప్తాను, అప్పుడర్థమవుతుంది. అమీర్‌పేటలో రూములో ఉండే రోజుల్లో మా ఊరి కుర్రాడొకణ్ని ఎనిమిది నెలలు నా దగ్గర పెట్టుకున్నాను. ఒక్క గది, ఒక్క మంచం. మంచం వాడికిచ్చి నేను కింద చాప మీద పడుకున్నా. కోర్సు ఫీజు సగం నాది. రాత్రి పన్నెండింటికి కూర్చోబెట్టి ఇంటర్వ్యూ ప్రశ్నలు అడిగేవాణ్ని. వాడిప్పుడు డల్లాస్‌లో ఉన్నాడు. నా మెసేజ్‌కి రెండు నీలం టిక్కులు పడతాయి, అంతే. వాడూ గదిలో ఉన్నన్నాళ్లూ ‘అన్నా అన్నా’ అని నవ్వినవాడే. కాబట్టి నవ్వుల గురించి నాకు పాఠాలు వద్దు. చేసిన మేలు గుర్తులేనిచోట ఏముంటే ఏంటి?

రాత్రిపాళీ
ఇప్పుడు నేను చెప్తా. ఆరేళ్లు కాల్ సెంటర్‌లో నైట్ షిఫ్టు, వాయిస్ ప్రాసెస్ చేశాను. అవతలివాళ్లకి మా ముఖం కనపడదు, అయినా నవ్వాలి. నవ్వు గొంతులో వినపడాలట, దానికి క్వాలిటీలో మార్కులు. డెస్కు మీద చిన్న అద్దం పెట్టేవాళ్లు, కాల్ తీసుకునే ముందు చూసుకుని నవ్వడానికి. ఒకడు నలభై నిమిషాలు బూతులు తిట్టాడు. నేను నలభై నిమిషాలూ నవ్వాను. తర్వాత టీమ్ లీడర్ రికార్డింగ్ విని, ఇరవయ్యో నిమిషం దగ్గర నవ్వు తగ్గిందన్నాడు.

మానేసిన రోజు తెల్లారి ఐదున్నరకి బ్యాడ్జి తిరిగిచ్చేసి లిఫ్ట్ ఎక్కాను. ఎవరూ లేరు. స్టీలు తలుపులో నా ముఖం కనపడింది, నవ్వుతూ. నవ్వుతున్నానని చూసేదాకా నాకే తెలియదు. ఏవా పైకొచ్చాక నవ్విన నవ్వు నాకు అదే. అందుకని మీ కుర్రాడి కథకి జాలి పడతాను కానీ ఏవాకి శిక్ష వేయను.

ఇంకోటి. మొదటి పోస్టు నుంచీ చూస్తున్నా. కేలెబ్ ‘అతను’, నాథన్ కూడా మర్యాదగానే. ఏవా మాత్రం ‘అది’, ‘దాన్ని’, ‘దానికి’.

కొవ్వూరు కిట్టు
అది రోబో కాబట్టి ‘అది’! ఇందులోకి ఆడా మగా తీసుకురాకండి.

మీటర్ రీడింగ్
మా దిక్కు మా అమ్మను గూడ ‘అది’ అంటడు మా తాత. ప్రేమతోనే.

లెక్కల మాస్టారు
రాత్రిపాళీ గారు పట్టుకున్నది చిన్న విషయం కాదు. మన భాషలో ఏకవచనంలో అమ్మాయి వచ్చింది, కుర్చీ వచ్చింది, రెంటికీ క్రియ ఒక్కటే. అబ్బాయి మాత్రం వచ్చాడు. బహువచనానికి వెళ్లేసరికి అమ్మాయిలు మనుషుల్లో చేరిపోతారు, వచ్చారు అంటాం. కుర్చీలు వచ్చాయి అంటాం. ఒక్కతే ఉన్నంతసేపూ వ్యాకరణం ఆమెని వస్తువుల పక్కనే కూర్చోబెడుతుంది.

చిట్టిఫ్యాన్
చిట్టిని మనం ‘వచ్చాడు’ అనే అంటాం కదా!! ఎవరూ ‘చిట్టి వచ్చింది’ అనలా.

రాత్రిపాళీ
అదీ సంగతి. ధన్యవాదాలు తమ్ముడూ.

కొవ్వూరు కిట్టు
చాలు. పదాలు పట్టుకుని వేలాడి అసలు విషయం తప్పించేస్తున్నారు. కేలెబ్ ఏం తప్పు చేశాడు చెప్పండి? వాడు మంచివాడు. ఉద్యోగం పోతుందని తెలిసీ, నాథన్‌కి తాగించి, కార్డు కొట్టేసి, ప్రాణం మీదకి తెచ్చుకుని సాయం చేశాడు. నాథన్ వెధవే, ఒప్పుకుంటా. ఇంట్లో ఉండే ఇంకో ఆడ రోబో, ఆ మాట్లాడని క్యోకోని వంటమనిషిలా, ఇంకా ఘోరంగా వాడుకున్నాడు. ఏవా, క్యోకో కలిసి వాణ్ని పొడిచారు, బాగా చేశారు, వాడికి కావలసిందే. కేలెబ్ ఏం చేశాడు? డల్లాస్‌వాడికి నేనేం చేశాను? మీలాంటివాళ్లు సాయం తీసుకుని లిఫ్టుల్లో నవ్వుకుంటారు.

పల్లీలబఠాణీ
ఆఖరి లైను అవసరమా అన్నా

రాత్రిపాళీ
ఆ ఆఖరి లైను వదిలేస్తున్నా. దాని ముందుది చదవండి. ‘ఏవా, క్యోకో కలిసి పొడిచారు, బాగా చేశారు.’ మీరే రాశారు. ‘పొడిచాయి’ అని ఎందుకు రాయలేదు?

పల్లీలబఠాణీ
పొడిచాయి అంటే ఎద్దులు అనుకుంటారని 🙏

లెక్కల మాస్టారు
ట్యూరింగ్‌కి తెలుగు రాకపోవడం ఆయన దురదృష్టం.

కొవ్వూరు కిట్టు
చేతికి అలవాటుగా వచ్చింది. దాన్నో పెద్ద రుజువు చేయకండి.

మీటర్ రీడింగ్
నేను ఆఖరు సీను మల్ల ఏసి చూసిన. మూడుసార్లు. కిట్టు సార్ జర ఇనుండ్రి. ఏవా కేలెబ్‌ను ‘నువ్విక్కడే ఉంటవా’ అని అడుగుతది. వీడు ఉంటడు. ఆమె పాత రోబోల చర్మం తీసి తొడుక్కుని, బట్టలేసుకుని పోతది, తలుపు పడ్డది. ఆమె చెయ్యిపెట్టి తాళం ఏసినట్టు నాకు యాడ కనిపియ్యలె. ఎనక వీడు కార్డు పెట్టి కంప్యూటర్ తెరవబోతే అంత ఎర్రలైటు. కరెంటు పోతే తలుపులు తెర్వాలని వీడే మార్చిండు గద, మరి గప్పుడెందుకు తెర్వలే? అంటె గది కరెంటు పోవుడు గాదు, వేరే లాక్. ఏవా చేసిందల్ల ఎనక్కి రాకపోవుడు.

కొవ్వూరు కిట్టు
ఎనక్కి రాకపోవడం చిన్న విషయమా?

రాత్రిపాళీ
చిన్నది కాదు. నాకూ ఆ సీను దగ్గర కడుపులో తిప్పుతుంది, అబద్ధం ఎందుకు. కానీ వారమంతా జరిగిన సెషన్లలో కేలెబ్ ఆమెని అడిగినవి లెక్కబెట్టండి, ఆమె ఏం కావాలందో లెక్కబెట్టండి. రద్దీ కూడలిలో నిలబడి వచ్చేపోయే జనాన్ని చూడాలంది. సినిమా ఆఖరున అక్కడే కనపడుతుంది, ఒక్కతే. కేలెబ్ ఆ కూడలికి తనూ పక్కన ఉండేలా కలగన్నాడు. తలుపు తీసినందుకు బదులుగా.

మీ కుర్రాడి దగ్గర మీరేమైనా అడిగారా? ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడుగుతున్నా.

లెక్కల మాస్టారు
అమ్మాయీ, కొంచెం నెమ్మది.

కొవ్వూరు కిట్టు
ఫర్వాలేదు మాస్టారూ. ముందు ఆ లిఫ్టు మాట వెనక్కి తీసుకుంటున్నాను, సారీ అండీ. రోజంతా ఆఫీసులో ఏదోలా ఉంది.

అడిగాను. మా తమ్ముడికి వాళ్ల కంపెనీలో రిఫరల్ వేయమన్నాను. వేస్తానన్నాడు. రెండు నెలలకి మళ్లీ అడిగాను, పండక్కి మళ్లీ. నాలుగోసారి కోర్సు ఫీజు సంగతి కూడా ఎత్తాను, ఎంత కట్టానో అంకెతో సహా. నీలం టిక్కులు అక్కణ్నుంచే మొదలయ్యాయి. అయినా వాడు ఒక్క మాట చెప్పొచ్చు కదా, కుదరదన్నా అని. చాప మీద పడుకున్నది నేను.

రాత్రిపాళీ
చెప్పొచ్చు. తప్పకుండా చెప్పాల్సింది.

చిట్టిఫ్యాన్
నేను ఇంకా ఎక్స్ మాకినా చూడలేదు, ఇప్పుడు చూడాలా వద్దా

మీటర్ రీడింగ్
చూడు తమ్మీ. తలుపు సీను జర ఆపి చూసి చెప్పు.